కొల్లూరు రాయి, ప్రేమ ఉంగరం



ఎవరి పేరున ఏటా ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మాకు చరిత్ర చెప్పారు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు ఆయన త్వరగా దాటించేసేవారు. ఒక వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి చేరింది, చేరిన చోట జనం దానికి ఏ అర్థం ఇచ్చుకున్నారు అన్న చోట మాత్రం నిలబడిపోయి చెప్పేవారు. ఆ పద్ధతిలోనే ఈ సాయంత్రం వజ్రం గురించి మాట్లాడాలనుకున్నాను.

వజ్రం అనగానే మన సభల్లో మాట కోహినూరు మీదికి పోతుంది. ఎవరు పట్టుకుపోయారు, ఎప్పుడు తిరిగిస్తారు అన్న రెండు ప్రశ్నలతో ఆగిపోతుంది. నేను అడగదలచిన ప్రశ్న వేరు. పెళ్లి కుదిరిన అబ్బాయి అమ్మాయి వేలికి వజ్రపుటుంగరం తొడిగితే అది ప్రేమకు గుర్తని ఇవాళ హైదరాబాదులోనూ తెలుసు, టోక్యోలోనూ తెలుసు. మన నిశ్చితార్థాల్లో కూడా ఉంగరాలు మార్చుకునే ఘట్టం తాంబూలాలకు పోటీగా వచ్చి కూర్చుంది. ఈ అర్థాన్ని రాయికి ఎవరిచ్చారు? 18వ శతాబ్దం మొదటి పాదం దాకా, బోర్నియోలో దొరికే కొద్దిపాటి రాళ్లు తప్ప, లోకానికి వజ్రం పోసింది మన దేశమే. అందులో పేరుమోసిన రాళ్లెన్నో కృష్ణ ఒడ్డు నుంచి వెళ్లినవే. మరి ఇన్ని శతాబ్దాలు వజ్రాన్ని తవ్వినవాళ్లకు అది ప్రేమ గుర్తుగా ఎందుకు తోచలేదు?

ముందు మన శాస్త్రాలు ఏమన్నాయో చూద్దాం. గరుడ పురాణంలో రత్నాల పుట్టుక గురించి ఒక కథ ఉంది. బలుడనే అసురుణ్ణి దేవతలు యజ్ఞపశువుగా మారమని అడుగుతారు. ఇచ్చిన మాటకు కట్టుబడి అతడు ప్రాణం విడుస్తాడు. అతని శరీరంలోని ఒక్కో భాగం ఒక్కో రత్నమవుతుంది. ఎముకలు పడిన చోటల్లా వజ్రపు గనులు పుట్టాయి. ఇదీ మన వజ్రానికి జన్మకథ. మాట తప్పనివాడి ఎముక అది. ఇంద్రుడి ఆయుధానికీ అదే పేరు. ఈ కథలో వలపు లేదు. ఉన్నది త్యాగం, బలం, రాచరికం.

శాస్త్రకారులు మెచ్చిన వజ్రానికి ఆరు కొనలు, ఎనిమిది ముఖాలు, పన్నెండు అంచులు ఉండాలి. గనిలో దొరికిన అష్టముఖి స్ఫటికం సరిగ్గా అలాగే ఉంటుంది. అంటే భూమి ఇచ్చిన ఆకారమే వాళ్లకు ఉత్తమం. సానపట్టి ముఖాలు తీర్చడం తర్వాతి కాలపు, ఎక్కువగా యూరప్ వారి అభిరుచి. రంగును బట్టి వజ్రాలకు వర్ణాలు కూడా కట్టారు. తెల్లనిది బ్రాహ్మణుడికి, ఎర్రనిది క్షత్రియుడికి, పసుపుది వైశ్యుడికి, నల్లనిది శూద్రుడికి అన్నారు. మనుషుల్ని విడదీసిన గీతను రాళ్ల మీద కూడా గీసిన ఆ బుద్ధిని నేను మెచ్చలేను. కాని ఆనాటి సమాజం వజ్రంలో ఏం చూసిందో తెలియాలంటే దాన్ని దాచకూడదు. వాళ్లు చూసింది హోదాను, అంతస్తును.

ఇంకా ఆశ్చర్యం కలిగించే మాట వరాహమిహిరుడిది. ఆరో శతాబ్దపు బృహత్సంహితలో వజ్రపరీక్ష అని ఒక అధ్యాయం ఉంది. కొడుకులు కావాలనుకునే స్త్రీలు ఏ వజ్రాన్నీ ధరించకూడదని కొందరు తెలిసినవాళ్లు అంటారని అందులో రాశాడు. ఆ తర్వాత తన అభిప్రాయంగా, సింగాడ కాయలా మూడు మూలలున్నదీ, ధనియం గింజలా ఉన్నదీ, కటి ఆకారంలో ఉన్నదీ అయితే వాళ్లకు మంచిదని సడలింపు ఇచ్చాడు. పెళ్లీ సంతానమూ ఒకే తాటి మీద నడిచిన కాలంలో పెళ్లికూతురికి వజ్రం పెట్టడానికి శాస్త్రమే వెనకాడిందన్నమాట! నవగ్రహాల లెక్కలో వజ్రం శుక్రుడిది. శుక్రుడు కళత్రానికీ కామానికీ కారకుడు కనుక ఆ దారిలో మాత్రం వలపుకు సన్నని సందు దొరికింది. అయితే అది జాతకం చూసి పెట్టుకునే రాయి. మనసిచ్చి ఇచ్చే కానుకగా దాన్ని తలచలేదు.

ఆ జంకు మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. రవ్వల దుద్దులు, రవ్వల బేసరి కొనే ముందు "అచ్చొస్తుందో రాదో" అని పెద్దవాళ్లు ఆగుతారు. రాయిని రెండు మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని, కలలు ఎలా వస్తున్నాయి, ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలిందా అని చూసి, అప్పుడు డబ్బు కడతారు. మచ్చ ఉన్న రవ్వ ఇంటికి కీడంటారు. అచ్చొచ్చిన రవ్వ తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వెళ్తుంది. దాన్ని పెట్టేది కుటుంబం. పెళ్లిని పెళ్లి చేసేవి పుస్తెలు, నల్లపూసలు, మెట్టెలు. వాటిలో వజ్రానికి చోటు లేదు.

చావుతోనూ వజ్రానికి మన కథలు ముడి వేశాయి. ఓడిపోయిన రాజు వేలి ఉంగరంలోని వజ్రాన్ని మింగి ప్రాణం తీసుకోవడం మన జానపద కథల్లో, పాత సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో! ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. 16వ శతాబ్దపు ఇటలీ శిల్పి బెన్వెనుటో చెల్లినీ తన ఆత్మకథలో, తనను చంపడానికి భోజనంలో వజ్రపు పొడి కలపమని శత్రువులు ఒక కంసాలికి వజ్రం ఇచ్చారనీ, ఆ కంసాలి వజ్రాన్ని దాచుకుని చవక రాయి పొడి చేసి ఇవ్వడం వల్లే బతికిపోయాననీ రాసుకున్నాడు. నిజానికి వజ్రానికి రసాయనికంగా విషగుణమేమీ లేదు. అయినా రెండు ఖండాలు ఒకే భయాన్ని పట్టుకుని బతికాయి.

ఇక పడమటికి వెళ్దాం. రోమన్ పండితుడు ప్లినీ మొదటి శతాబ్దంలో వజ్రం గురించి రాస్తూ, దాన్ని దాగలి మీద పెట్టి సమ్మెటతో కొడితే సమ్మెటే పగులుతుందనీ, వేడివేడి మేకరక్తంలో నానబెడితే మాత్రం లొంగుతుందనీ అన్నాడు. వజ్రం గీతకు లొంగదు గాని దెబ్బకు లొంగుతుంది. పొర ఉన్న దిశలో సరిగ్గా తగిలితే రెండుగా చీలుతుంది. ప్లినీ మాట నమ్మి సమ్మెట దెబ్బతో పరీక్షించి ఎంతమంది మంచి రాళ్లు పోగొట్టుకున్నారో లెక్కలేదు. కాని ఆ మాటలో ఒక కావ్యవస్తువు ఉంది. దేనికీ లొంగనిది వెచ్చని నెత్తురుకు లొంగుతుంది. యూరప్ కవులకు అంతకన్న ఏం కావాలి? కఠినమైన ప్రియురాలి గుండెకు వజ్రం ఉపమానమైంది. అక్కడి నుంచి ప్రేమికుడి నిశ్చలత్వానికీ అదే ఉపమానమైంది.

వేలి సంగతి కూడా అక్కడిదే. ఎడమచేతి ఉంగరపు వేలి నుంచి సన్నని నరం ఒకటి తిన్నగా గుండెకు పోతుందని ఈజిప్టు వారు శరీరాలు కోసి కనుక్కున్నారట. ఈ మాటను ఆలస్ గెల్లియస్ రెండో శతాబ్దంలో రాసిపెట్టాడు. శరీరశాస్త్రంలో అలాంటి నరం లేదు. కాని ఉంగరం నేటికీ ఆ వేలికే ఎక్కుతోంది.

14వ శతాబ్దంలో జాన్ మాండెవిల్ పేరుతో చలామణి అయిన యాత్రా గ్రంథం వజ్రం మీద నాకు ఇష్టమైన పుస్తకాల్లో ఒకటి. అందులో యాత్రకన్న కల్పన ఎక్కువ. వజ్రాల్లో ఆడా మగా ఉంటాయి, ఆకాశపు మంచు తాగి పెరుగుతాయి, పిల్లల్ని కంటాయి అంటాడు. దాన్ని ఎడమ వైపు ధరించాలంటాడు. ధరించినవాడు పాపం చేస్తే దాని శక్తి పోతుందంటాడు. అన్నిటికన్న ముఖ్యమైన మాట, కొనుక్కున్న వజ్రం కన్న ఎవరైనా ఇష్టపడి ఇచ్చిన వజ్రానికే మహిమ ఎక్కువ అనడం. వజ్రం కానుక కావడానికి ఇంత చక్కని జానపద పునాది మరెక్కడా నాకు కనిపించలేదు. భార్యాభర్తల మధ్య తగవు తీరుస్తుందన్న నమ్మకం కూడా మధ్యయుగపు రత్నగ్రంథాల్లో ఉంది. ప్రేమ అన్న అర్థం ఎవరో వ్యాపారి ఒక్కరోజులో కుట్టింది కాదని చెప్పడానికే ఇదంతా చెప్పాను. దానికి పాత వేళ్లున్నాయి. వ్యాపారం ఆ వేళ్లకు నీళ్లు పోసింది.

ఈ దారిలో మన తీరం ఒకసారి తళుక్కుమంటుంది. 13వ శతాబ్దం చివర మార్కో పోలో ముత్ఫిలి అని రాసిన రాజ్యం మోటుపల్లి రేవు వెనకనున్న కాకతీయ రాజ్యమే. భర్త పోయిన రాణి ఒకామె న్యాయంగా పాలిస్తున్నదని మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవి. అక్కడి కొండల నడుమ దిగరాని లోయలున్నాయనీ, వాటి నిండా పాములూ వజ్రాలూ ఉంటాయనీ, జనం పైనుంచి మాంసపు ముక్కలు విసిరితే తెల్లని గద్దలు వాటిని తన్నుకుపోతాయనీ, ఆ మాంసానికి అంటుకుని వజ్రాలు పైకి వస్తాయనీ రాశాడు. ఈ కథ మార్కో పోలో కన్న చాలా పాతది. నాలుగో శతాబ్దపు సైప్రస్ బిషప్ ఎపిఫేనియస్ ఇలాంటిదే మరో రత్నం గురించి చెప్పాడు. సింద్‌బాద్ కథల్లోనూ ఉంది. 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. గని తెరిచేటప్పుడు జంతువుల్ని బలి ఇచ్చేవారు, ఆ మాంసం కోసం గద్దలు దిగేవి, దూరం నుంచి చూసినవాళ్లు దానికి కథ అల్లుకున్నారు అన్నాడు. నాకు ఈ వివరణ నచ్చుతుంది. ఎక్కడో కవి ఊహలో పుట్టిందనుకునే లోయ కింద నిజంగా పనిచేసే మనుషులున్నారని ఇది గుర్తుచేస్తుంది.

పెళ్లి ఉంగరంలోకి వజ్రం ఎప్పుడు ఎక్కింది? 1477లో ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్ బర్గండీ వారసురాలు మేరీకి ఇచ్చిన ఉంగరమే మొదటిదని నగల దుకాణాల పుస్తకాలన్నీ చెబుతాయి. ఇది సరిగాదు. 1475లో ఇటలీలోని పెసారోలో కోస్టాంజో స్ఫోర్జాకూ కమిల్లా ఆఫ్ ఆరగాన్‌కూ జరిగిన వివాహ వైభవాన్ని చిత్రించిన రాతప్రతి వాటికన్ గ్రంథాలయంలో ఉంది. అందులో మండుతున్న రెండు కాగడాలు ఒక వజ్రపుటుంగరంలో బిగించి ఉంటాయి. రెండు మనసులు ఒక రాతితో ముడిపడ్డాయని దాని భావం. వజ్రపుటుంగరం అప్పటికే మెడిచి, స్ఫోర్జా వంశాలకు చిహ్నం కూడా. అంటే ఆ చిత్రంలో ప్రేమ ఎంత ఉందో రాజకీయమూ అంతే ఉంది. మేరీ పెళ్లి మాత్రం? 1477 జనవరిలో ఆమె తండ్రి నాన్సీ యుద్ధంలో చచ్చిపోయాడు. ఫ్రాన్సు రాజు ఆమె రాజ్యాన్ని మింగడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆగస్టులో గెంట్ నగరంలో పెళ్లి జరిగింది. ఆ ఉంగరానికి వలపు కన్న సైన్యం అవసరం ఎక్కువ. ప్రకటనల్లో ఈ సగం ఉండదు.

అక్కడి నుంచి యూరప్ దర్బారుల్లో వజ్రం ఒక వేషం తర్వాత మరో వేషం కట్టింది. కొన తేలిన రాయి పొదిగిన ఉంగరంతో కిటికీ అద్దం మీద రాయడం ఒక అలవాటైంది. ఎలిజబెత్ రాణి కాకముందు, 1554-55లో వుడ్‌స్టాక్‌లో బందీగా ఉన్న రోజుల్లో వజ్రంతో అద్దం మీద రాసిందని ఆ కాలపు గ్రంథకర్త జాన్ ఫాక్స్ చెప్పాడు. ఆమె రాణి అయ్యాక వాల్టర్ రాలీ తన ఆశను కిటికీ మీద గీస్తే ఆమె కింద జవాబు గీసిందని ఇంకో కథ. కాగితం చిరుగుతుంది, సిరా వెలుస్తుంది, అద్దం మీద వజ్రం గీసిన గీత మాత్రం పోదు. నగగా మెరిసే రాయి కలంగా మారిన ఈ ఘట్టమంటే నాకు ఎంతో ఇష్టం. వజ్రం కాఠిన్యాన్ని ప్రేమకు ఇంత సూటిగా వాడుకున్న మరో ఫ్యాషన్ లేదు.

1796లో నెపోలియన్ జోసెఫిన్‌కు ఇచ్చిన నిశ్చితార్థపు ఉంగరంలో కన్నీటిబొట్టు ఆకారంలో ఒక నీలం, ఒక వజ్రం ఎదురెదురుగా ఉంటాయి. అప్పటికి అతను పెద్ద డబ్బున్నవాడు కాడు, రాళ్లూ పెద్దవి కావు. 2013లో ఫ్రాన్సులో వేలం వేస్తే ఏడు లక్షల యూరోలు దాటింది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో రాళ్ల పేర్ల మొదటి అక్షరాలు కూర్చి మాట చదివించే ఉంగరాలు వచ్చాయి. డైమండ్, ఎమరాల్డ్, ఎమిథిస్ట్, రూబీ, మళ్లీ ఎమరాల్డ్, సఫైర్, టోపాజ్ వరసగా పొదిగితే 'డియరెస్ట్' అయ్యేది. గమనించండి, ఈ రెండు చోట్లా వజ్రం పదిమందిలో ఒకతె. రంగురాళ్ల పక్కన కూర్చుని తన వంతు పలికింది. విక్టోరియా రాణి నిశ్చితార్థపు ఉంగరం పాము ఆకారంలో ఉండేది, దానిలో ప్రధానమైన రాయి పచ్చ. ఒక్క వజ్రాన్నే ఎత్తుగా నిలబెట్టి మిగతా రాళ్లన్నిటినీ పక్కకు తోసిన ఉంగరాన్ని అమెరికా నగల సంస్థ టిఫనీ తెచ్చింది 1886లో.

ఎందుకు 1886లో? ఎందుకంటే 1867లో దక్షిణాఫ్రికాలో వజ్రం బయటపడింది. 1871లో కింబర్లీ గని తెరుచుకుంది. ఏడాదికి గుప్పెళ్లతో కొలిచిన రాయి అక్కడ టన్నుల మట్టిలోంచి వెల్లువలా వచ్చింది. అరుదు అన్న మాట పోతే ధర పోతుంది. 1888లో సెసిల్ రోడ్స్ గనుల్ని ఒక్క గొడుగు కిందికి తెచ్చి డి బీర్స్ కంపెనీ కట్టాడు. రాయి బయటికి వచ్చే దారిని ఒకే చేయి పట్టుకుంది.

ఆ తరవాత జరిగింది మన కళ్ల ముందటి చరిత్ర. ఆర్థికమాంద్యంలో అమెరికాలో వజ్రాల అమ్మకం దిగజారింది. 1938లో డి బీర్స్ తరఫున హ్యారీ ఓపెన్‌హైమర్ న్యూయార్క్ వెళ్లి ఎన్.డబ్ల్యూ. అయర్ అనే ప్రకటనల సంస్థను కలిశాడు. ఆ సంస్థ ఒక దుకాణం పేరు గాని, ఒక బ్రాండు పేరు గాని ప్రచారం చెయ్యలేదు. ఒక భావాన్ని ప్రచారం చేసింది. సినిమా తారల వేళ్లకున్న రాళ్లు ఎంత పెద్దవో పత్రికలకు అందించింది. ఉన్నత పాఠశాలలకు వక్తల్ని పంపి ఆడపిల్లలకు ఉంగరాల గురించి చెప్పించింది. 1947లో ఆ సంస్థలో పనిచేసే ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ, వజ్రం శాశ్వతం అని అర్థం వచ్చే నాలుగు మాటలు రాసింది. ఆ నాలుగు మాటలు ఇరవయ్యో శతాబ్దపు అత్యుత్తమ ప్రకటన నినాదంగా తర్వాత ఎంపికయ్యాయి. ఆమె మాత్రం పెళ్లి చేసుకోలేదు.

ఆ శాశ్వతత్వంలో ఒక వ్యాపార సూత్రం కూడా ఉంది. ప్రేమ గుర్తు కనుక ఉంగరాన్ని ఎవరూ మళ్లీ అమ్మరు. పాత రాళ్లు బజారుకు రాకపోతే కొత్త రాళ్ల ధర నిలుస్తుంది. ఇక పదార్థంగా చూస్తే వజ్రం శాశ్వతమేమీ కాదు. 1690లలోనే ఫ్లోరెన్సులో పెద్ద భూతద్దంతో ఎండను వజ్రం మీదికి మళ్లిస్తే అది కనబడకుండా పోయింది. 1772లో ఫ్రెంచి శాస్త్రవేత్త లవాయిజియే వజ్రం మండుతుందని చూపాడు. 1797లో స్మిత్‌సన్ టెనెంట్ అది వట్టి కర్బనమని తేల్చాడు. పొయ్యిలోని బొగ్గూ రాణి కిరీటంలోని రాయీ ఒకే మూలకం.

ప్రకటన బలం తెలియాలంటే జపాన్ చూడాలి. అక్కడ వజ్రపుటుంగరం సంప్రదాయమే లేదు. 1967లో ప్రచారం మొదలైనప్పుడు పెళ్లి కుదిరిన అమ్మాయిల్లో అది అందుకున్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. 1981 నాటికి నూటికి అరవై మంది దాకా అందుకున్నారు. పద్నాలుగేళ్లలో ఒక దేశం పెళ్లి ఆచారం మారిపోయింది.

ప్రేమకథ అమ్మినట్టే శాపకథనూ అమ్మారు. హోప్ వజ్రం సంగతి తెలుసుగదా. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ మన దేశం నుంచి తీసుకువెళ్లి ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మిన పెద్ద నీలి వజ్రం నుంచి చెక్కిన రాయి అది. టావెర్నియర్ దాన్ని దేవత విగ్రహం కంట్లోంచి పెకలించాడనీ, అందుకే కుక్కలు చీల్చగా చచ్చాడనీ చెప్పుకుంటారు. ఆయన ఎనభై దాటిన వయసులో 1689లో మాస్కోలో చనిపోయాడు. విగ్రహం మాట ఆయన పుస్తకంలో ఎక్కడా లేదు. 20వ శతాబ్దం మొదట్లో నగల వర్తకుడు పియేర్ కార్టియే అమెరికా ధనవంతురాలు ఎవలిన్ వాల్ష్ మెక్లీన్‌కు ఆ రాయి అమ్మడానికి దాని చరిత్రను కథలు కథలుగా వినిపించాడు. కీడు చేసే వస్తువులు తనకు కలిసొస్తాయని ఆమె నమ్మకం! మన దేశపు గుళ్లూ దేవతలూ ఇలా పరాయి ప్రేమకథల్లో భయం పుట్టించే పాత్రలయ్యాయి. కోహినూరు మగవాళ్లకు అచ్చిరాదనీ స్త్రీలు ధరించవచ్చనీ చెప్పేది కూడా తర్వాత పుట్టిన కథే. మన పాత రత్నశాస్త్రాల్లో ఆ రాయి పేరే లేదు.

హైదరాబాదుకు కూడా ఈ చరిత్రలో ఒక విచిత్రమైన వాటా ఉంది. గోల్కొండ పేరు మీద లోకం వజ్రాలు తూచిన నగరంలో, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1891లో బేరమాడిన జేకబ్ వజ్రం ఆఫ్రికా రాయి. ఆ బేరం కోర్టుకెక్కింది. నవాబు దాన్ని అశుభమనుకున్నాడు. తండ్రి పోయాక ఏడో నిజాం దాన్ని ఒక చెప్పు మొనలో కనుగొని కాగితాల మీద బరువుగా వాడుకున్నాడని చెబుతారు. 184 కారట్ల పైబడిన ఆ రాయి 1995లో నిజాం నగలతో పాటు భారత ప్రభుత్వానిదైంది. మొత్తం నగలకు ప్రభుత్వం చెల్లించింది 218 కోట్లు.

ఇప్పుడు కొల్లూరికి వద్దాం. అసలు నేను ఈ విషయం ఎంచుకున్నది ఇందుకే.

గోల్కొండలో గనులు లేవు. అది రాజధాని, బజారు. గనులు కృష్ణ ఒడ్డున, నల్లమల అంచున, పెన్న వైపు ఉన్నాయి. వాటిలో పేరెన్నికగన్నది పల్నాటి కొల్లూరు. టావెర్నియర్ మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఆడా మగా పిల్లలూ కలిసి సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. తవ్వబోయే ముందు చేసే పూజను ఆయన శ్రద్ధగా వర్ణించాడు. కూలీలు, వాళ్ల భార్యాబిడ్డలు, తవ్విస్తున్న వ్యాపారి, అతని బంధువులు అందరూ చేరతారు. రాతి దేవుణ్ణి నిలబెట్టి మూడుసార్లు సాష్టాంగపడతారు. పూజారి ఒక్కొక్కరి నుదుట బొట్టు పెట్టి, ఆ తడి మీద ఏడెనిమిది బియ్యపు గింజలు అంటిస్తాడు. ఆ తర్వాత అందరికీ భోజనాలు. ప్రేమ ఉంగరం చరిత్ర రాసే అందమైన పుస్తకాల్లో మాక్సిమిలియన్ ఉంటాడు, జోసెఫిన్ ఉంటుంది. నుదుట బియ్యపు గింజలతో గంప ఎత్తుకున్న ఈ తెలుగు ఆడవాళ్లు ఏ పుటలోనూ ఉండరు.

వాళ్ల కూలి ఎంత? తాను చూసిన మరో గనిలో పని బాగా తెలిసిన మనిషికి కూడా ఏడాదికి మూడు పగోడాలే అని టావెర్నియర్ రాశాడు. పగోడా అంటే మన వరహా. అంత తక్కువ ఇస్తే రాయి దాచుకోవడానికి వెనకాడరు గదా అని కూడా అన్నాడు. కంటి మూలలో రాయి దాచుకున్న ఒకడి సంగతి చెప్పాడు. ఇప్పుడు రీజెంట్ వజ్రం చూడండి. కృష్ణ ఒడ్డు గనుల్లో దొరికిన 410 కారట్ల రాయి అది. 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఒక వ్యాపారి దగ్గర 48,000 పగోడాలకు కొన్నాడు. 1717లో ఫ్రాన్సు రాజ్యప్రతినిధికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. మధ్యలో గడిచిన అర్ధశతాబ్దాన్ని పక్కన పెట్టి లెక్క కడితే, పిట్ ఇచ్చిన ధరే ఒక గనికూలీకి 16,000 ఏళ్ల జీతం. ఆ రాయిని దొరికించుకున్నవాడు పిక్క మీద గాయం చేసుకుని అందులో దాచి పారిపోయాడనీ, ఓడ నాయకుడు దాన్ని లాక్కుని అతన్ని సముద్రంలో తోసేశాడనీ కథ. దీన్నీ శాపకథల్లో కలిపి చెబుతారు. నేను మాత్రం దీన్ని ఆ వరసలో పెట్టను. దేవత కంటి కథ అమ్మకానికి పనికొచ్చింది. ఈ కథ ఎవరికీ పనికిరాలేదు. అయినా బతికింది. పేరు కూడా మిగలని ఒక మనిషి కోసం జనం దాచుకున్న జ్ఞాపకం ఇది. ఆ రాయి మారీ ఆంత్వానెత్ టోపీ మీద మెరిసింది, నెపోలియన్ ఖడ్గం మీద మెరిసింది, ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

వజ్రం మీద ఆశ మన సీమలో ఇంకా చావలేదు. తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, వజ్రకరూరు చేలల్లోకి జనం దిగుతారు. పక్క జిల్లాల నుంచి వచ్చి చెట్ల కింద మకాం పెడతారు. వంగి, సూర్యుడికి ఎదురుగా నడుస్తూ, తడి నేలలో తళుకు కోసం వెతుకుతారు. వాళ్లు వెతికేది కూతురి పెళ్లి ఖర్చు, తీరని అప్పు తీరే దారి. ఒకరికి దొరికిందన్న వార్త వందమందిని ఇంకో ఏడాది రప్పిస్తుంది.

ప్రేమకు వజ్రం పెట్టుకోవద్దని నేను అనను. మాండెవిల్ చెప్పిన మాట నాకు నిజమే అనిపిస్తుంది. ఇష్టంగా ఇచ్చినదానికే మహిమ. 1954లో అమెరికాలో ప్రయోగశాలలో వజ్రం తయారైంది. ఇప్పుడు సూరత్‌లో గని వజ్రంతో పాటు యంత్రంలో పెంచిన వజ్రాన్నీ సానపడుతున్నారు. రెండూ ఒకే కర్బనం, ఒకే మెరుపు. 2018లో డి బీర్స్ కూడా యంత్రపు వజ్రాలు అమ్మడానికి దిగింది. పిల్లలు ఏది కొనుక్కున్నా నాకు అభ్యంతరం లేదు. ఉంగరం విలువ జీతంలో రెండు నెలలుండాలన్న లెక్కను మాత్రం నమ్మవద్దు. అది 1980లలో ఒక ప్రకటన కర్త రాసిన లెక్క.

చివరగా ఒక విన్నపం. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. ఆ ఊరివాళ్లు పునరావాస కాలనీల్లో ఉన్నారు. గనుల గురించి, గుంతల పేర్ల గురించి, పాత గుడి గురించి, రాయి దొరికిన రోజు పాడుకున్న పాటల గురించి చెప్పగలవాళ్లు వాళ్లలో ఇంకా ఉంటారు, ఎక్కువ కాలం ఉండరు. ఈ సభలో చరిత్ర, తెలుగు చదువుకుంటున్న విద్యార్థులున్నారు. ఫోను ప్రతి ఒక్కరి చేతిలో ఉంది. వచ్చే సెలవుల్లో వెళ్లండి. అవ్వల దగ్గర, తాతల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చెయ్యండి, ఊరి పేరు, తేదీ రాసి ఈ సభ జరుగుతున్న గ్రంథాలయానికి ఇవ్వండి. ఆ మాటలు దాచడానికి ఇక్కడ ఒక బీరువా కేటాయించమని నిర్వాహకుల్ని కోరుతున్నాను.